ఇరవై శాతం పుకారు

అధ్యక్షులవారికి, పెరంబూరు తెలుగువారందరికీ నమస్కారం. పొగడ్తల టైము ప్రశ్నలకు మిగుల్చుకుందాం.

ముందు మీ సంచిలోని మాత్రల స్ట్రిప్ తీయండి. తీయండమ్మా, మొహమాటమెందుకు? కంపెనీ పెట్టిన పేరుకంటే మందు అసలు పేరు పెద్ద అక్షరాల్లో ఉండాలని 2018 నుంచి నిబంధన. షుగరుకు మెట్‌ఫార్మిన్, బీపీకి ఆమ్లోడిపిన్, కొలెస్ట్రాల్‌కు అటార్వాస్టాటిన్... వీటి పేటెంట్లు ఏనాడో తీరిపోయాయి. పేటెంటు తీరాక వేరే కంపెనీలు చేసే అదే మందును జెనరిక్ అంటారు. బ్రాండని ఎక్కువ డబ్బు పోసి కొంటున్నదీ చాలామటుకు జెనరిక్కే. పేరు పెట్టి అమ్ముతున్నారంతే.

ఇక ఆ పుకారు. "జెనరిక్‌లో మందు ఇరవై శాతం తక్కువ వేస్తారట!" ఎవరు పుట్టించారో గానీ, డాక్టర్ల నోటా వింటున్నాం. జెనరిక్ పరీక్షలో 80 నుంచి 125 శాతం అని ఒక హద్దుంది, అది మాత్రలో వేసే మందుకు కాదండీ. ఆరోగ్యవంతులకు ఒకసారి అసలు బ్రాండు, కొన్నాళ్ళాగి జెనరిక్ ఇస్తారు. రెండుసార్లూ పదేపదే రక్తం తీసి మొత్తం ఎంత మందు చేరింది, గరిష్ఠంగా ఎంతకెక్కింది అని కొలుస్తారు. బ్రాండు కొలతతో పోలిస్తే జెనరిక్ కొలత ఎంత శాతమో ఆ నిష్పత్తి సగటు ఒక్కటే కాదు, దాని 90 శాతం విశ్వాస అవధి, అంటే ఆ సగటు అటూ ఇటూ ఎంత ఉండవచ్చో చెప్పే పరిధి, మొత్తం హద్దు లోపల పడాలి. సగటే ఎనభై దగ్గరుంటే ఆ పరీక్ష తప్పినట్టే. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2,070 అధ్యయనాలు తిరగేస్తే, రక్తంలో చేరిన మందులో సగటు తేడా 3.56 శాతం. మళ్ళీ చెబుతున్నాను, 3.56!

కోపం రావలసింది వేరే చోట. మన దేశంలో కొత్త మందుకు నాలుగేళ్ళు నిండితే, తర్వాత వచ్చే కంపెనీలకు రాష్ట్ర లైసెన్సు చాలేది. ఈ రక్తపరీక్ష అడిగేవారు కాదు. నీళ్ళలో సరిగా కరగని మందులకు 2017లో తప్పనిసరి చేశారు. మరి అంతకుముందు లైసెన్సు పొందినవి? ఖరీదైన బ్రాండునూ ఇదే అడగాలి.

మూడు సంగతులు చెబుదామని వచ్చాను, టైము రెండోదానికే అయిపోయింది. గబగబా చెప్పేస్తాను. బీపీ, షుగరు మాత్రలు ప్రభుత్వ పథకాల చౌక మందుల షాపుల్లో, జన ఔషధిలోనో ముదల్వర్ మరుందగంలోనో కొనుక్కోండి. మార్చాక నెలలోపు బీపీ, మూడు నెలలకు షుగరు సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ చూపించుకోండి. థైరాయిడ్‌కు వాడే థైరాక్సిన్ ఏ కంపెనీదైనా సరే, ఒకే కంపెనీది వాడండి. మారితే ఆరు నుంచి ఎనిమిది వారాలకు టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ రక్తపరీక్ష చేయించండి. ఫిట్స్‌కు వాడే ఫెనిటాయిన్ డాక్టరుకు చెప్పకుండా మార్చొద్దు. 1968లో ఆస్ట్రేలియాలో క్యాప్సూల్‌లో నింపే పొడిని కాల్షియం సల్ఫేట్ నుంచి లాక్టోజ్‌కు మార్చారు. మోతాదు మారలేదు, అయినా రక్తంలో మందు పెరిగిపోయి రోగులకు విషమైంది. కిడ్నీ మార్పిడి చేయించుకున్నవారు వాడే టాక్రోలిమస్‌కూ ఇదే జాగ్రత్త.

ఇంకొక్కటి. చీటీలో ఎస్ఆర్ అనో ఎక్స్ఎల్ అనో ఉంటే, అంటే మందు నెమ్మదిగా విడుదలయ్యే మాత్రైతే, స్ట్రిప్ మీదా అవే అక్షరాలుండాలి. మామూలు మాత్ర ఇస్తే కౌంటరు దగ్గరే తిరిగిచ్చేయండి.