ఆవిరికి దారి ఎటు?

అందరికీ నమస్కారం. టేబుల్ మీద ఈ ఇనప పెనం బాగా కాలి ఉంది. వెనకవాళ్లు దగ్గరికి రావచ్చు, కానీ ముట్టుకోవద్దు. డ్రాపర్‌తో ఒక నీటిచుక్క వేస్తున్నాను. చూశారా, చుయ్యిమనలేదు. గుండ్రంగా ముడుచుకుని అటూ ఇటూ జారుతోంది. దాన్ని అలాగే ఉండనిచ్చి మనం మాట్లాడుకుందాం.

పెనం 150 డిగ్రీల దగ్గర ఉండుంటే ఈ చుక్క చిటికెలో పోయేది. వేడి పెరిగితే ఇంకా త్వరగా పోవాలి కదా, మరి ఇదెందుకు మిగిలింది? అడుగున ఉన్న నీరు లోహాన్ని తాకీ తాకకముందే ఆవిరై, సుమారు 0.1 మిల్లీమీటరు మందాన పొరలా పరుచుకుంది. నీటితో పోలిస్తే ఆవిరిలోంచి వేడి చాలా నెమ్మదిగా పోతుంది. అందుకే చుక్క తన ఆవిరి మీద తానే తేలుతూ నింపాదిగా తరుగుతోంది. 1756లో జర్మన్ వైద్యుడు లైడెన్‌ఫ్రాస్ట్ ఎర్రగా కాల్చిన ఇనప గరిటెలో చుక్క వేసి, అది ఎంతసేపు ఉందో లోలకం ఊపులతో లెక్కపెట్టాడు. గరిటె చల్లారేకొద్దీ తర్వాతి చుక్కలు ఇంకా తొందరగా పోయాయి. నున్నటి లోహం మీద నీటికి ఈ తేలే స్థితి సుమారు 200 డిగ్రీల దగ్గర మొదలవుతుంది.

అదిగో, చుక్క ఇప్పుడు పోయింది.

చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది గానీ, కాలిన ఉక్కును చల్లార్చాల్సినవాడికి ఈ ఆవిరి పొర పెద్ద తలనొప్పి. మన ఇళ్ల స్లాబుల్లో వేసే టీఎంటీ కడ్డీ ఎర్రగా కాలి మిల్లులోంచి వస్తూనే నీటి ధారల గుండా పోతుంది. ఆ నీటిని అంత ఒత్తిడితో కొట్టేది ఆవిరి పొర నిలవకుండా చెయ్యడానికే. పొర ఒకచోట చిరిగి ఇంకోచోట ఉండిపోతే ఉక్కు ఒక్కో చోట ఒక్కోలా చల్లారుతుంది.

లోహాన్ని గరుకుగా చేస్తే? గరుకుదనం ఈ పొరను చెడగొడుతుందా, కాపాడుతుందా అని అడిగితే నా జవాబు: రెండూ చేస్తుంది. ఆవిరికి ఏ దారి దొరికిందన్న దాన్నిబట్టే అంతా.

పొర మందం కంటే ఎత్తుగా, కాస్త ఎడంగా సన్నటి స్తంభాలు నిలబెట్టారనుకోండి. స్తంభాల కొసలు పొరను దాటి నీటిని తాకుతాయి. ఆవిరేమో మధ్య సందుల్లోంచి పక్కకు జారిపోతుంది. నీరు, లోహం అంటుకునే ఉంటాయి, చుక్క గబగబా మరిగిపోతుంది. 2022లో హాంకాంగ్ సిటీ యూనివర్సిటీ బృందం దీన్ని ఎంతో దూరం తీసుకెళ్లింది. ఉక్కు స్తంభాల మధ్య వేడిని అడ్డుకునే పీచుపొర అమర్చి, దాని కింద ఆవిరి పోవడానికి కాలువలు ఉంచారు. పీచుపొర నీటిని పీల్చుకుని పరుస్తుంది, స్తంభాలు వేడిని అందిస్తాయి, ఆవిరి కిందినుంచి బయటపడుతుంది. 1000 డిగ్రీలు దాటినా నీరు తేలలేదు. ఈ రంగంలో నాకు అన్నిటికన్నా నచ్చిన పని ఇదే.

దీనికి పూర్తిగా తిరగేసిన కథ 2012 నాటిది. ఉక్కు గోళానికి నీటిని దగ్గరికి రానివ్వని సూక్ష్మమైన గరుకు పూత వేసి, కాల్చి నీళ్లలో ముంచారు. నున్నటి గోళమైతే చల్లారుతూ ఒక దశలో పొర తెగి నీరు భళ్లున మరుగుతుంది. పూత వేసినదాని పొర మాత్రం చివరిదాకా తెగనే లేదు, ఆ పేలుడు మరుగే రాలేదు.

మూడోది సరదాగా ఉంటుంది. రంపపు పళ్లలా ఒకవైపు వాలుగా లోహాన్ని చెక్కితే, ఆవిరి ఎక్కువగా ఒకే వైపుకు పారుతూ చుక్కను వెంట లాక్కుపోతుంది. 2006లో భౌతిక శాస్త్రవేత్త హైనర్ లింకే బృందం దీన్ని చూపించింది. ఆ చుక్కలు చిన్న ఎత్తులు కూడా ఎక్కేస్తాయి.

ఇంజనీరింగ్ పిల్లలు ఒకటి గమనించండి. ల్యాబుల్లో ఇవన్నీ చాలావరకు శుద్ధమైన నీటితో చేస్తారు. మన బోరు నీళ్లు పోస్తే ప్రతి చుక్కా కొంచెం సున్నం వదిలి పోతుంది. గీజరు రాడ్డుకు పట్టే తెల్లటి పొర అదే. అది పట్టిన కొద్దీ ఆ సందులు పూడిపోతాయి, ఆవిరి దారి మూసుకుపోతుంది. పూడని సందులు ఎలా చెక్కాలి, లేదా పూడినవాటిని మిల్లు ఆపకుండా ఎలా శుభ్రం చెయ్యాలి? ప్రాజెక్టు వెతుక్కుంటున్నవాళ్లు దీని మీద పని చెయ్యొచ్చు.