అవ్వల నోటి నుంచి రాగిరేకుల దాకా

పెద్దలకు, అక్కచెల్లెళ్లకు, ముందు చాప మీద కూర్చున్న పిల్లలకు నమస్కారం.

తాళ్లపాకను పదకవితకు, అంటే పాడుకునే పాటల కవిత్వానికి, పుట్టినిల్లుగా గౌరవించుకుంటున్న ఈ సాయంత్రం నేను చిన్న పేచీతో మొదలుపెడతాను. అన్నమయ్య పాటలు అంకితమైంది తిరుమల వేంకటేశ్వరుడికి. వాటిని చెక్కిన రాగిరేకులు దొరికిందీ తిరుమల గుడిలోనే. మరి ఈ ఊరికి ఆ పేరెందుకు? 1408లో ఆయన ఇక్కడ పుట్టాడు కాబట్టి అంటే నాకు చాలదు. మనిషి పుట్టడం వేరు, పాట పుట్టడం వేరు.

పోనీ, పదం ఆయనతోనే మొదలైందా? అదీ కాదు. అన్నమయ్యకు ముందే, కవి పాల్కురికి సోమనాథుడు ఎప్పుడో తుమ్మెద పదాలు, వెన్నెల పదాలు, గొబ్బి పదాలు అని జనం పాడుకునేవాటి పేర్లు చెప్పాడు. రోలూ రోకలీ ఉన్న ప్రతి ఇంట్లో ఏదో ఒక పాట ఉండేది. పండితులు దాన్ని లెక్కలోకి తీసుకోలేదు, అంతే.

అన్నమయ్య తీసుకున్నాడు. దంపుళ్ల సువ్వి, ఉయ్యాల లాలి, జాజర, ఏల, గొబ్బి లాంటి జనం పాటలన్నింటినీ దేవుడి ముందు నిలబెట్టాడు. పల్లవి, చరణాలు, చివర వేంకటేశుడి పేరు: ఈ కట్టడిని వేల పాటల్లో నడిపించి స్థిరపరిచాడు. అందుకే ఆయన పదకవితాపితామహుడు. మరి ఆ సువ్వి పాట చిన్నప్పుడు ఆయన చెవిన పడింది ఎక్కడ? ఈ చుట్టుపక్కల పల్లెల్లోనే అని నా నమ్మకం. మనవడు చిన్నన్న రాసిన చరిత్రలో, పిల్లవాడైన అన్నమయ్యను ఇంట్లోవాళ్లు గడ్డి కోసుకు రమ్మని పంపుతారు. కొడవలి చిటికెనవేలికి తగులుతుంది. కొడవలి పారేసి తిరుమల యాత్రికుల వెంట పోతాడు. పోయిన పిల్లవాడితో పాటు ఊరి మాట కూడా తిరుమల కొండకు చేరింది.

రాగిరేకుల సంగతి కొంచెం చెప్పాలి. పదహారో ఏట, శకవర్షం 1346లో, అంటే మన లెక్కలో 1424లో స్వామి ప్రత్యక్షమయ్యాడనీ, అప్పటి నుంచి శకవర్షం 1424 ఫాల్గుణం దాకా, అంటే 1503 వరకు చెప్పిన సంకీర్తనలివనీ రేకు మీదే రాసి ఉంది. ఎంత పద్ధతిగా లెక్క పెట్టుకున్నారో చూడండి! 32 వేలని చెబుతారు, మనకు దక్కింది అందులో సగం కూడా లేదు. గుడిలో హుండీ దగ్గరి చిన్న అరలో శతాబ్దాల పాటు మూతపడి ఉన్న ఆ రేకులను గత శతాబ్దంలో సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ లాంటివాళ్లు చదివి అచ్చుకు ఎక్కించారు.

రేకు మీద రాగం పేరుంది, స్వరం లేదు. మనం క్యాసెట్లలో విన్న బాణీలు చాలావరకు రాళ్లపల్లి తర్వాతి తరాలవాళ్లు కట్టినవి. అది తప్పని అనను, నాకూ అవి ఇష్టమే. కాకపోతే అన్నమయ్య అసలు ఎలా పాడాడో ఎవరికీ తెలియదు. దానికి దగ్గరగా పోయే దారి ఏదైనా ఉంటే అది ఊళ్లలో ఇంకా మిగిలిన దంపుళ్ల పాటల్లోనే ఉండవచ్చు. రాజంపేట వైపు రోడ్డు మీద 108 అడుగుల విగ్రహం నిలబెట్టుకున్నాం. మంచిదే. కానీ ఆ దంపుళ్ల పాటలను ఎవరు రికార్డు చేస్తున్నారు?

విద్వాంసులు తంబుర శ్రుతి చేసుకుంటున్నారు. ఈలోగా వెనక వరుసలోని అవ్వలు ఒక సువ్వి పాట పాడతామన్నారు. నాయనా, ఈ మైకు కాస్త అటు తీసుకుపో.