పాత ఫైబర్‌గ్లాస్ పడవకి తేమ మీటర్ సరిపోతుందా?

నమస్తే అండీ. పాత పడవ కొనే ముందు దాని ఫైబర్ గోడల్లో నీరు చేరిందేమో చూపించే ఈ తేమ మీటర్‌ని కంపెనీ వాళ్లు ఉచితంగా పంపారు, డబ్బులేమీ ఇవ్వలేదు. దీని స్కేలు, బ్యాటరీ వివరాల జోలికి పోకుండా నేరుగా పడవలు నిలిపే యార్డుకి వచ్చేశాను.

అమెరికాలోని అనాపోలిస్ దగ్గర స్టాండ్ల మీద నిలబెట్టిన ఈ తెరచాప పడవ 1970ల నాటి కాటలీనా 30 మోడల్. మొదట పడవ అడుగు భాగం మీద మీటర్ పెడుతున్నా. చూడండి, రీడింగ్ ఎలా పైకెళ్లిందో! దీన్ని చూసి బేరం వదులుకోకండి. పడవ ఇప్పుడే నీళ్లలోంచి బయటికొచ్చింది. పైగా అడుగున పూసే రంగులో రాగి ఉంటుంది, అది రీడింగ్‌ని పెంచేస్తుంది. రంగు గీకి, బాగా ఆరనిచ్చి కొలిస్తేనే ఆ అంకెకు విలువ.

అందరికీ టెన్షన్ బొబ్బల గురించే, అంటే అడుగున ఫైబర్ పై పొరలోకి నీరు చేరి వచ్చే పొంగులు. పొడిస్తే వెనిగర్ వాసన వేసే ద్రవం కారుతుంది. అక్కడక్కడ నాలుగు ఉంటే గీకి, ఆరబెట్టి, ఎపాక్సీ అనే గట్టి జిగురుతో పూడ్చేయొచ్చు. అడుగంతా పొంగిపోతే మాత్రం ఆ పై పొరంతా చెక్కించాలి. ఆ ఖర్చు పాత పడవ ధరనే దాటిపోవచ్చు.

ఇప్పుడు డెక్ మీదికి రండి. ఇక్కడ నాకు మీటర్ కంటే ఈ ప్లాస్టిక్ సుత్తి అంటేనే ఇష్టం. మట్టికుండ కొనేటప్పుడు తట్టి చూస్తాం కదా, అలాగే. టక్, టక్... గట్టిగా, స్పష్టంగా ఉంది. ఇక్కడ వినండి: దబ్, దబ్. రెయిలింగ్ బోల్టు పక్కనే! రెండు ఫైబర్ పొరల మధ్య చెక్క ఉంటుంది. బోల్టు చుట్టూ సీలెంట్ ఎండిపోయి, వాన నీరు దిగి చెక్క కుళ్లింది. మీటర్ కూడా ఇక్కడ ఎక్కువే చూపిస్తోంది. రెండూ ఒకే మాట చెబితే నమ్మొచ్చు. పై పొర కోసి, కుళ్లిన చెక్క తీసి కొత్తది అతికించాలి. సామాను ఖరీదు తక్కువే, కూలీ గంటలే బిల్లు పెంచుతాయి. అందుకే "హల్ (పడవ అడుగు, పక్క గోడలు) దృఢంగా ఉంది" అని ఒక్క ముక్క రాసి డెక్ ఊసే ఎత్తని ప్రకటనలంటే నాకు ఒళ్లు మండుతుంది.

పడవ కింద రెక్కలా వేలాడే బరువైన కీల్, హల్‌కి అతుక్కునే చోట ముందంచున ఈ పగులు చూశారా? దీన్ని కాటలీనా స్మైల్ అంటారు. తొలినాళ్ల పడవల్లో కీల్‌ని బోల్టులతో బిగించే హల్ అడుగు భాగంలో ప్లైవుడ్ పెట్టేవారు. అది నానితే బోల్టుల పట్టు సడలుతుంది. కాబట్టి లోపలికి దిగి బోల్టుల తుప్పు చూడకుండా అడ్వాన్స్ ఇవ్వకండి. పడవని నీళ్లలోంచి పైకి ఎత్తడానికీ, నిలిపి ఉంచడానికీ యార్డు వాళ్లు సాధారణంగా పడవ పొడవుని బట్టి అడుగుల లెక్కన తీసుకుంటారు, కాబట్టి పడవ చవగ్గా దొరికినా ఆ బిల్లు తగ్గదు.

మీటర్ బాగుంది, డెక్ మీద నాకు నచ్చింది కూడా. అయినా డబ్బులు ఒక్కదానికే ఉంటే ముందు సుత్తి కొనండి, మిగిలింది పడవని పరీక్షించే నిపుణుడైన సర్వేయర్ ఫీజుకి దాచుకోండి.