ఏం చూడాలో స్నేహితురాలికి ఎలా తెలుస్తుంది?

అందరికీ నమస్కారం.

గ్రంథాలయానికి పిలిచి మాట్లాడమంటే పుస్తకాల గురించి మాట్లాడాలని నాకూ తెలుసు. ఆడవాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో నడిచే కబుర్ల గురించి, సీరియళ్ళూ డ్రామాలూ ఒకరికొకరు చెప్పుకోవడం గురించి మాట్లాడతానంటే నిర్వాహకులు కాసేపు ఆలోచనలో పడ్డారు. తర్వాత సరేనన్నారు. వాళ్ళ ఇళ్ళల్లోనూ అలాంటి గ్రూపు ఒకటి ఉండే ఉంటుంది.

బయటివాళ్ళకి ఈ గ్రూపులంటే చులకన. "ఏముంటుందక్కడ? పొద్దున కూరేం వండావు, రాత్రి ఏ సీరియల్ చూశావు, అంతేగా" అంటారు. నిజమే, అంతే. కాకపోతే ఆ రెండు ప్రశ్నలూ వేరువేరు కావంటాను. ఇంట్లో పరిస్థితి ఏమిటో తెలిసినవాళ్ళే ఏం చూడాలో సరిగ్గా చెప్పగలరు. ఈ పూట నేను చెప్పబోయేది ఇంతకుమించి పెద్దగా ఏమీ లేదు.

మా కాలేజీ రోజుల్లో ఏం చూడాలని ఎవరినీ అడిగే పనే లేదు. ఉన్నది దూరదర్శన్ ఒక్కటే. 1987 జనవరిలో రామాయణం మొదలయ్యాక ఆదివారం పొద్దున వీధి వీధంతా టీవీ ఉన్న ఇంట్లోనే ఉండేది. హిందీ ఎంతమందికి అర్థమయ్యేదో రాముడికే తెలియాలి. కథ తెలిసిందే కాబట్టి ఇబ్బంది లేకపోయింది. మాట్లాడుకోవడమంతా చూశాకే. అందరం చూసిందే చూశాం కనక వెంటనే విషయంలోకి దిగిపోయేవాళ్ళం.

1995లో ఈటీవీ, జెమిని వచ్చాయి. ఆ తర్వాత రోజువారీ సీరియళ్ళు అలవాటయ్యాయి. చక్రవాకం, మొగలిరేకులు నడిచిన రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. ఆర్కే నాయుడు ఏమయ్యాడో తెలియక అన్నం సహించనివాళ్ళని నేను చూశాను. అప్పుడూ "ఏం చూడను?" అని అడిగినవాళ్ళు లేరు. "నిన్న ఏమైందే?" అని అడిగేవాళ్ళు. కరెంటు పోయిందనో, చుట్టాలొచ్చారనో ఎపిసోడ్ తప్పిపోతే మర్నాడు పక్కింటావిడ పూసగుచ్చినట్టు చెప్పేది. కొందరు ఎంత బాగా చెప్పేవాళ్ళంటే, చూడకపోవడమే మంచిదైందనిపించేది. సినిమా చూసొచ్చి, బియ్యంలో రాళ్ళు ఏరుతూ టైటిల్స్ నుంచి శుభం కార్డు దాకా కథ చెప్పే అక్కలు ప్రతి వీధిలోనూ ఉండేవాళ్ళు. ఆ విద్య పోయిందనుకుంటాం. పోలేదు. దాని సంగతి తర్వాత చెబుతాను.

2016 జనవరిలో నెట్‌ఫ్లిక్స్ మన దేశానికి వచ్చింది. ఆ సెప్టెంబరులో జియో రావడంతో ఇంటర్నెట్ చవకైంది. డిసెంబరుకి అమెజాన్ ప్రైమ్ వీడియో. 2020లో తెలుగు కోసమే ఆహా. ఎవరి ఫోను వాళ్ళది, ఎవరి ఇయర్‌ఫోన్లు వాళ్ళవి. ఒకే అపార్ట్‌మెంట్‌లో ఎదురెదురు ఫ్లాట్లలో ఉంటారు, ఇద్దరూ చూసినది ఒక్కటీ ఉండదు. లిఫ్టులో కలిస్తే ఎండల గురించి మాట్లాడుకోవాలి.

సిఫార్సు పుట్టింది ఇక్కడే. స్నేహితురాలికి మంచి డ్రామా చెప్పడం పరోపకారమేమీ కాదు. నేను చూసేశాను, కడుపు ఉబ్బరంగా ఉంది, మాట్లాడటానికి మనిషి కావాలి. కాబట్టి నువ్వూ చూడు. "చూశావా? ఇంకా మొదలుపెట్టలేదా? ఎన్నో ఎపిసోడ్‌లో ఉన్నావు?" అని వెంటపడటం అందుకే. ఇందులో కొంత దౌర్జన్యం ఉంది, ఒప్పుకోవాలి. మంచి సిరీస్ చెప్పమని ఒకసారి అడిగారంటే నెలరోజులపాటు హోంవర్కు అప్పజెప్పాల్సిందే.

2020 మార్చిలో కరోనాతో సీరియల్ షూటింగులు ఆగిపోయాయి. మార్చి 28 నుంచి దూరదర్శన్ రామాయణాన్ని మళ్ళీ వేసింది, మళ్ళీ దేశమంతా చూసింది. కానీ ఆ ఖాళీలో మన ఇళ్ళలోకి ఇంకొకటి కూడా వచ్చి కూర్చుంది. కొరియన్ డ్రామా. అంతకుముందు సంవత్సరంతో పోలిస్తే 2020లో ఇండియాలో కె-డ్రామాలు చూడటం 370 శాతానికి పైగా పెరిగిందని నెట్‌ఫ్లిక్సే చెప్పింది. ప్రకటనలు చూసి పెరిగిందని నేననుకోను. కాలేజీకి వెళ్ళే కూతురు తల్లికి చెప్పింది, తల్లి గ్రూపులో పెట్టింది. మా గ్రూపులో అలాగే జరిగింది. పారాగ్లైడింగ్ చేస్తూ సుడిగాలికి కొట్టుకుపోయి ఉత్తర కొరియాలో పడిన దక్షిణ కొరియా అమ్మాయి కథ, క్రాష్ లాండింగ్ ఆన్ యూ, ఒకరు చూసి చెప్పారు. ప్రేమకథ అందరికీ నచ్చింది. కానీ గ్రూపులో ఎక్కువ చర్చ జరిగింది ఆ సైనికుల కాలనీలో ఉండే ఇరుగుపొరుగు ఆడవాళ్ళ గురించి. ఎవరింటికి ఎవరొచ్చారో కనిపెట్టే ఆ చూపు, అందరూ చేరి కిమ్చీ, అంటే వాళ్ళ క్యాబేజీ ఊరగాయ, పెట్టుకోవడం... "ఒసే, ఇది మన ఆవకాయ రోజే" అని ఒక మెసేజ్ వచ్చింది. దానికి వచ్చినన్ని నవ్వు బొమ్మలు ఇంకెప్పుడూ చూడలేదు.

రిప్లై 1988 అయితే మరీను. సియోల్‌లో ఒక సందు, అందులో ఐదు కుటుంబాలు. మొదటి ఎపిసోడ్‌లోనే భోజనాల వేళ పిల్లల చేత గిన్నెలు పంపించుకుంటూ ఉంటారు. ఈ ఇంటి కూర ఆ ఇంటికి, ఆ ఇంటిది ఇంకో ఇంటికి. ఖాళీ గిన్నె తిరిగి పంపడం ఉండదు. వరుసలు పెట్టి పిలుచుకోవడం, పెద్దవాళ్ళ ముందు ఒద్దిక, పరీక్షలు, పొదుపు, అన్నీ మనకి తెలిసినవే. పైగా 20 ఎపిసోడ్లలో అయిపోతుంది. మన కార్తీకదీపం 2017లో మొదలై 2023 దాకా నడిచింది, చాలదన్నట్టు 2024లో మళ్ళీ మొదలైంది. ఒక్క డీఎన్ఏ టెస్ట్ చేయిస్తే తేలిపోయేదానికి డాక్టర్ బాబు ఇన్నేళ్ళు తీసుకున్నాడని జోకులేసినవాళ్ళంతా ఏడున్నరకి మాత్రం టీవీ ముందే ఉన్నారు. అందులో నేనూ ఉన్నాను.

ఇప్పుడు కూర సంగతికి వద్దాం. అమెరికాలో కూతురి పురుడుకి వెళ్ళిన తల్లుల కష్టసుఖాలు మీలో చాలామందికి తెలుసు. విజిటర్ వీసా మీద మామూలుగా ఆరు నెలలు ఉండనిస్తారు. పసిపిల్ల పడుకుంటే ఇల్లంతా నిశ్శబ్దం. అల్లుడు ఒక గదిలో మీటింగులో ఉంటాడు, గట్టిగా తాలింపు వేయడానికి కూడా లేదు. కారు నడపడం రాదు. బయటికెళ్ళి నడిస్తే అన్నీ ఒకేలాంటి ఇళ్ళు, మనిషి కనబడడు. మా గ్రూపులో ఒకామె డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఇలాగే ఉండి వచ్చింది. చలికాలంలో అక్కడికీ ఇక్కడికీ పదకొండున్నర గంటల తేడా. తనకి మధ్యాహ్నం రెండైతే మనకి రాత్రి ఒకటిన్నర. సరిగ్గా తనకి తోచనప్పుడే మనం నిద్రలో ఉంటాం. పొద్దున ఆరింటికి ఫోన్ తీస్తే వరసగా మెసేజులుండేవి. ఇక్కడి బెండకాయ ముదురుగా ఉంది. పాపకి ఇవాళ పొట్టనొప్పి. స్నానం చేయించేటప్పుడు నేను ఒకలా అంటాను, యూట్యూబ్ చూసి అమ్మాయి ఇంకోలా అంటుంది. మంచు పడుతుందన్నారు, పడలేదు.

తనకి ఏం చెప్పాలి చూడమని? కొత్తగా వచ్చిన గొప్ప సిరీసులు చెబితే లాభం లేదు. పాప ఎప్పుడు లేస్తుందో తెలియదు, సగంలో ఆపినా దారం తెగకూడదు. సౌండ్ తక్కువ పెట్టుకోవాలి. అన్నిటికంటే ముఖ్యం, తల్లీ కూతుళ్ళ గొడవలున్న కథ వద్దే వద్దు, అవి ప్రత్యక్షంగా నడుస్తున్నాయి. మేము చెప్పింది అమృతం. 2001లో జెమినిలో మొదలైన కామెడీ. ఏ ఎపిసోడ్‌కి ఆ ఎపిసోడే. అమృతరావు, ఆంజనేయులు హోటల్ పెట్టి పడే పాట్లు ఎన్నిసార్లు చూసినా కొత్తగానే ఉంటాయి. "కుదిరింది" అని మర్నాడు ఒక్క మాట పెట్టింది.

ఏ యాప్ అయినా ఇలా చెప్పగలదా అని ఆలోచించాను. యాప్‌కి మనం ఎక్కడ ఆపామో తెలుసు. గ్యాస్ సిలిండర్ అబ్బాయి బెల్లు కొట్టాడు కాబట్టి ఆపామని తెలియదు. వరసగా మూడు హత్యల సిరీసులు చూస్తే నాలుగోది పెడుతుంది. ఆ మూడూ చూసింది సెలవులకొచ్చిన కొడుకని దానికేం తెలుసు? ఇంకో స్నేహితురాలికి కాటరాక్ట్ ఆపరేషన్ అయింది. కొన్నాళ్ళు సబ్‌టైటిల్స్ చదవలేనంది. తెలుగు డబ్బింగ్ ఉన్నవి ఏవో వెతికి పెట్టాం. చుక్కల మందు ఎన్నిసార్లు వేసుకుంటోందో గ్రూపులో రాస్తోంది కాబట్టే ఆ సంగతి మాకు తెలిసింది. 2025 మార్చిలో వచ్చిన వెన్ లైఫ్ గివ్స్ యూ టాంజరీన్స్ నేను కనబడినవాళ్ళందరికీ చూడమని చెప్పాను. జెజు దీవిలో పుట్టిన ఒక పేదపిల్ల, ఆమెని విడవకుండా ప్రేమించిన ఒక కుర్రాడు, వాళ్ళ బతుకంతా. కథ చెప్పను, కళ్ళు తుడుచుకోవడానికి మాత్రం ఏదైనా దగ్గర పెట్టుకోండి. కానీ ఒకరికి మాత్రం చెప్పలేదు. ఆ నెల వాళ్ళింట్లో ఏం జరుగుతోందో నాకు తెలుసు. చెప్పకపోవడం కూడా సిఫార్సులో భాగమే.

గ్రూపులో తగాదాలు రావని కాదు. అన్నిటికంటే పెద్దది, ముందే కథ చెప్పేయడం. స్టార్ మా సీరియళ్ళు హాట్‌స్టార్‌లో చందా కట్టినవాళ్ళకి టీవీ కంటే ముందే వచ్చేసేవి. అంటే ఒకే గ్రూపులో పొద్దున్నే చూసేసినవాళ్ళూ, రాత్రి దాకా ఆగాల్సినవాళ్ళూ ఉంటారు. మధ్యాహ్నం ఎవరో "పాపం దీప" అని రెండు మాటలు రాస్తే చాలు, సాయంత్రం దాకా యుద్ధమే. దీనికి మావాళ్ళు కనిపెట్టిన ఉపాయం, "చూడనివాళ్ళు చదవకండి" అని రాసి కింద బోలెడన్ని ఖాళీ లైన్లు వదలడం. మెసేజ్ పొడవైతే వాట్సాప్ దాన్ని మడిచి "రీడ్ మోర్" అని చూపిస్తుంది. నొక్కినవాళ్ళది నొక్కినవాళ్ళ ఖర్మ.

ఫార్వర్డుల గురించి ఒక్కమాట చెప్పి వదిలేస్తాను. పుకార్ల వల్ల మనుషుల ప్రాణాలు పోయాక, 2018 జూలైలో వాట్సాప్ ఫార్వర్డ్ చేసిన మెసేజ్ మీద గుర్తు పెట్టడం మొదలుపెట్టింది. మన దేశంలో ఒకసారికి ఐదు చోట్లకే పంపేలా హద్దు పెట్టింది. ఆ గుర్తు లేని మెసేజ్, బెండకాయ ముదురుగా ఉందన్నదైనా సరే, ఎవరో మన కోసం కూర్చుని రాసింది. గుడ్‌మార్నింగ్ గులాబీల మీద నాకు ద్వేషం లేదు. అవి పంపినంత మాత్రాన కబురు చెప్పినట్టు కాదని మాత్రమే అంటున్నాను.

ఇంకొకటి ఉంది, ఎవరూ పైకి అనరు. అందరి దగ్గరా అన్ని చందాలూ ఉండవు. 2023 జూలైలో నెట్‌ఫ్లిక్స్ మన దేశంలోనూ వేరే ఇళ్ళవాళ్ళు పాస్‌వర్డ్ పంచుకోవడాన్ని కట్టడి చేయడం మొదలుపెట్టింది. అప్పటిదాకా కొడుకుదో చెల్లెలిదో పాస్‌వర్డ్ మీద చూసినవాళ్ళు ఆగిపోయారు. గ్రూపులో సగం మంది చూసి మాట్లాడుకుంటుంటే మిగతా సగం ఎప్పుడో మాట్లాడటం మానేస్తారు. డబ్బు లేదని ఎవరు రాస్తారు? "టైమ్ దొరకట్లేదు" అని రాస్తారు.

ఇందాక కథలు చెప్పే అక్కల విద్య పోలేదన్నాను. మా గ్రూపులో ఒకామె ఉంది. తను చూసిన డ్రామాని రోజుకో ఎపిసోడ్ చొప్పున వాయిస్ మెసేజ్‌లో చెబుతుంది. కొరియన్ పేర్లు నోరు తిరగవని పొడుగాయన, డాక్టరమ్మ, దొంగమామ అని తనే పేర్లు పెట్టుకుంటుంది. మధ్యలో కుక్కర్ విజిల్ వినబడుతుంది, "ఆగండే, స్టవ్ ఆపొస్తా" అంటుంది. వాళ్ళాయన కాఫీ అడిగితే అదీ రికార్డవుతుంది. చందా లేనివాళ్ళ కోసమని మొదలుపెట్టింది. ఇప్పుడు ఉన్నవాళ్ళు కూడా ముందు అదే వింటున్నారు. ఎక్స్‌ట్రార్డినరీ అటార్నీ వూ, ఆటిజం ఉన్న కుర్ర లాయరమ్మ కథ, 16 ఎపిసోడ్లూ నేను అలాగే విన్నాను. తర్వాత అసలుది చూశాను. బాగుంది, కానీ దొంగమామ లేడు. వాయిస్ మెసేజ్‌ని రెండింతల వేగంతో వినే సదుపాయం 2021లో వచ్చింది. ఈ కథల్ని అలా వినేవాళ్ళతో నాకు మాటల్లేవు.

ఎవరైనా చెప్పింది నచ్చకపోతే ఏం చేయాలని ఇక్కడికొచ్చే ముందు ఒకమ్మాయి అడిగింది. నాలుగు ఎపిసోడ్లు చూడండి, ఆపేయండి, ఆపేశానని చెప్పండి. "బాగుందే, చూస్తున్నా" అని మొహమాటానికి అబద్ధం ఆడితే అలాంటివే ఇంకో పది చెబుతారు. చెప్పినవాళ్ళు చిన్నబుచ్చుకుంటారేమోనని భయం వద్దు. ఎందుకు నచ్చలేదో చెబితే మర్నాటికి ఇంకా మంచిది వెతికి తెస్తారు. ఆ వెతకడం వాళ్ళకీ సరదానే.

నాకిచ్చిన సమయం అయిపోయింది. ఇక మీరు అడగండి. "ఇప్పుడేం చూడమంటారు మేడమ్?" అని మాత్రం ఊరికే అడగొద్దు. ఇంట్లో ఎవరెవరున్నారు, రాత్రి ఎంతసేపు తీరిక ఉంటుంది, ఈ మధ్య ఏడుపొచ్చే కథ తట్టుకోగలరా లేదా, ముందు అవి చెప్పి అప్పుడు అడగండి.