రెండో దెబ్బకు ముందు

అధ్యక్షులకు, వేదిక మీదున్న పెద్దలకు, ముందు వరుసల్లో కూర్చున్న తల్లులకు, వెనక గోడకు ఆనుకుని నిలబడ్డ కుర్రాళ్లకు నమస్కారం. బాబూ, కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, వచ్చి కూర్చోండి. మిమ్మల్ని తిట్టడానికి రాలేదు. మీరు వింటారనే వచ్చాను.

పరిచయంలో నా గురించి చాలా పెద్ద మాటలు చెప్పారు. నేను నర్సును. 31 ఏళ్లు ఉద్యోగం చేశాను. అందులో 19 ఏళ్లు క్యాజువాల్టీలోనే, అదీ ఎక్కువగా నైట్ డ్యూటీలు. ఈ విషయం మీద మాట్లాడటానికి నాకున్న అర్హత అంతే.

నగరాల్లో యువత హింస, దాన్ని ఆపడంలో సమాజం పాత్ర అని అంశం ఇచ్చారు. ఇరవై నిమిషాలు మాట్లాడమన్నారు. నాలుగు పేజీలు రాసుకొచ్చాను. మొదటి పేజీ నిండా కారణాలే. చదువు మధ్యలో ఆగిపోవడం, పని లేకపోవడం, మత్తు, ఇంట్లో రోజూ కొట్లాటలు, ఆయుధం తేలిగ్గా చేతికందడం. ఇవి మీకు తెలిసినవే కాబట్టి వదిలేస్తాను. ఒక్క లెక్క మాత్రం చదువుతాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 10 నుంచి 29 ఏళ్ల మధ్య వయసువాళ్లు ఏటా దాదాపు 2 లక్షల మంది హత్యకు గురవుతున్నారు. పోయేవాళ్లలోనూ, చంపేవాళ్లలోనూ ఎక్కువ మంది మగపిల్లలే. నేను చూసిందీ అదే. ఇద్దరిదీ ఒకే వయసు. ఇద్దరి కాళ్లకీ ఒకే రకం చెప్పులు.

రెండో పేజీలో ఉన్నది ఒక్క రాత్రి. దాని గురించి చెప్పాలి.

పదిన్నరకి ఒక అబ్బాయిని తీసుకొచ్చారు. పంతొమ్మిదేళ్లు. కుడి ముంజేతి మీద కత్తి గాటు. డ్యూటీ డాక్టరు కుట్లు వేస్తుంటే నేను ట్రే పట్టుకుని పక్కన నిలబడ్డాను. తొమ్మిది కుట్లు. ఎంత మత్తు సూది ఇచ్చినా ఆ టైములో ఎవరైనా మొహం చిట్లిస్తారు, లేదా పక్కకు తిప్పుకుంటారు. ఈ పిల్లాడు అసలు చెయ్యి సంగతే పట్టించుకోలేదు. ఎడమ చేతిలో ఫోను. అది వెలుగుతోంది, ఆరుతోంది, మళ్లీ వెలుగుతోంది. బొటనవేలితో ఏదో కొడుతూనే ఉన్నాడు. తలుపు దగ్గర ముగ్గురు స్నేహితులు. ఒకడు బండి తాళం వేలికి తగిలించుకుని గిరగిరా తిప్పుతున్నాడు. తిప్పడం, గుప్పిట్లో పట్టుకోవడం, మళ్లీ తిప్పడం.

నేను కట్టు కడుతుంటే అబ్బాయి అడిగాడు. "సిస్టర్, ఈ చెయ్యి ఎప్పటికి పనిచేస్తుంది?"

ఎక్కడో పనికి వెళ్తుంటాడేమో అనుకున్నాను. "వేళ్లు కదులుతున్నాయిగా, భయం లేదు. కుట్లు మాత్రం తడవనివ్వకు. పది రోజుల తరవాత రా, తీసేస్తాం" అన్నాను.

టీటీ ఇంజెక్షన్ ఇచ్చాం. మెడికో లీగల్ కేసు కాబట్టి పోలీసులకు కబురు చేశాం. గాయం పొడవెంత, లోతెంత, దేనితో తగిలింది, అన్నీ రిజిస్టర్‌లో ఎక్కించాం. పన్నెండున్నరకల్లా పంపించేశాం. ఈలోగా ఒక యాక్సిడెంట్ కేసు వచ్చింది, నేను అటు పరిగెత్తాను.

తెల్లవారుజామున నాలుగున్నరకి ఇంకో అబ్బాయిని మోసుకొచ్చారు. ఇంచుమించు అదే వయసు. తెచ్చేసరికే ప్రాణం పోయింది.

మర్నాడు రాత్రి మొదటి అబ్బాయిని వైద్య పరీక్షకు తీసుకొచ్చారు, ఇద్దరు కానిస్టేబుళ్ల మధ్య. కట్టు మార్చమన్నారు. విప్పాను. పైన మట్టి పట్టింది గానీ లోపల గాజుగుడ్డ పొడిగా ఉంది. నేను కట్టు కడుతున్నంతసేపూ తలొంచుకునే ఉన్నాడు. అయిపోయాక తలెత్తి, "తడవనివ్వలేదు సిస్టర్" అన్నాడు.

ఇది జరిగి చాలా ఏళ్లయింది. ఆ మాట మాత్రం నన్ను వదల్లేదు. ఆ రాత్రి ఆ పిల్లాడికి నేను చెప్పింది ఒక్కటే ఒక్క మాట. దాన్ని నిలబెట్టుకున్నాడు. ఒక మనిషిని చంపి, పారిపోయి, దొరికిపోయి, ఆ గందరగోళంలో కూడా చెయ్యి తడవకుండా కాచుకున్నాడు. ఇలాంటి కుర్రాళ్ల గురించి "చెప్తే వినే రకం కాదు" అని ఎవరైనా అంటే నాకు కడుపు రగిలిపోతుంది. విన్నాడండీ! నేనే ఇంకో మాట చెప్పలేదు. చెయ్యి ఎప్పటికి పనిచేస్తుందని అడిగినవాణ్ణి, దేనికి నాన్నా అని అడగలేదు.

పదిన్నర నుంచి నాలుగున్నర, ఆరు గంటలు. అందులో రెండు గంటలు మా మంచం మీదే ఉన్నాడు. వాడి గురించి తెలిసిన మనుషులు వీధి నిండా ఉన్నారు. తెల్లారాక అందరూ వచ్చారు. ఇలా అవుతుందని మాకు ముందే తెలుసని కూడా అన్నారు.

ఇక మూడో పేజీలో ఉన్నవి చెప్తాను. ఇవన్నీ రిటైరయ్యాక చదివి తెలుసుకున్నవి. చదువుతున్నప్పుడు కొంత ఊరట, దాన్ని మించిన బాధ. ఎందుకంటే నాకు తోచనిది ఇంకెక్కడో ఎవరికో తోచింది.

అమెరికాలోని షికాగోలో గ్యారీ స్లట్కిన్ అని ఒక డాక్టరున్నారు. క్షయ, కలరా, ఎయిడ్స్ మీద పనిచేసి వచ్చిన మనిషి. హింస కూడా అంటువ్యాధిలాగే ఒకరి నుంచి ఒకరికి పాకుతుందన్నది ఆయన వాదన. ఒక దెబ్బ తగిలిందంటే రెండో దెబ్బ ఎవరికో రాసిపెట్టినట్టే. అంటువ్యాధి వస్తే ఏం చేస్తాం? ఎవరికి సోకిందో, వాళ్ల నుంచి ఎవరికి సోకబోతోందో కనుక్కుని ముందే అక్కడికి వెళ్తాం. 2000లో అక్కడ వెస్ట్ గార్ఫీల్డ్ పార్క్ అనే ప్రాంతంలో ఆ పని మొదలుపెట్టారు. తరవాత అదే వీధుల్లో పెరిగి, అవే తప్పులు చేసి, జైలుకెళ్లి వచ్చినవాళ్లను పనిలో పెట్టుకున్నారు. కాల్పులు జరిగాయని తెలియగానే వాళ్లు దెబ్బతిన్నవాడి స్నేహితుల దగ్గరకు వెళ్తారు. కూర్చుంటారు. కోపం దిగేదాకా లేవరు.

బ్రిటన్‌లో స్కాట్లండ్ ప్రాంతంలోని గ్లాస్గో నగరంలో 2005లో ఈ పనికి పోలీసులే ఒక విభాగం పెట్టారు. వాళ్లూ హింసను ఆరోగ్య సమస్యగానే చూశారు. 2004-05లో స్కాట్లండ్ మొత్తం మీద హత్యలు 130 పైచిలుకు. పదేళ్లకు సగం కంటే కిందికి దిగాయి. అదంతా ఈ ఒక్క పని వల్లే అని నేను అనను. కానీ 2015లో వాళ్లు చేసిన ఇంకో పని ఉంది, అది చదివినప్పుడు నాకు కళ్లనీళ్లు ఆగలేదు. గ్లాస్గో రాయల్ ఇన్‌ఫర్మరీ అనే ఆస్పత్రి క్యాజువాల్టీలో మనుషుల్ని పెట్టారు. డాక్టర్లు కారు, నర్సులు కారు, పోలీసులు కారు. కత్తిపోట్లతో వచ్చిన పిల్లల మంచం పక్కన కూర్చుని మాట్లాడటమే వాళ్ల ఉద్యోగం. ఇంటికెళ్లాక కూడా ఫోన్ చేస్తారు, పని చూపిస్తారు, తాగుడు మానే చోటికి తీసుకెళ్తారు.

మంచం పక్కన కూర్చునే మనిషి. మా క్యాజువాల్టీలో ఆ రెండు గంటలూ లేనిది అదే.

బ్రిటన్‌లోనే ఇంకో నగరం కార్డిఫ్‌లో మొహానికీ దవడలకీ ఆపరేషన్లు చేసే జోనథన్ షెపర్డ్ అనే సర్జన్, తన దగ్గరకు గాయాలతో వచ్చేవాళ్లలో చాలామంది లెక్క పోలీసుల దగ్గర లేనేలేదని గమనించారు. కౌంటర్ దగ్గరే ఎక్కడ జరిగింది, ఎప్పుడు, దేనితో కొట్టారు అని అడిగి, పేర్లు లేకుండా ఆ వివరాలను పోలీసులతో, నగరపాలక సంస్థతో కలిసి చూడటం మొదలుపెట్టారు. ఏ మలుపులో, ఏ రాత్రి, ఏ గంటకి గొడవలవుతున్నాయో తేలింది. అలాంటివే అయిన ఇతర నగరాలతో పోల్చి చూస్తే, అక్కడ హింసలో గాయపడి ఆస్పత్రిలో చేరేవాళ్లు 42 శాతం తక్కువని 2011లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. మేమూ అవన్నీ రాశాం. 19 ఏళ్లు రాశాం. ఆ రిజిస్టర్లు బీరువాలోకి వెళ్లేవి. మళ్లీ తెరిచేది కోర్టు అడిగినప్పుడే.

ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పాలి. పోయిన నెల సమావేశంలో ఒక పెద్దాయన, పిల్లల్ని ఒకసారి జైలుకు తీసుకెళ్లి చూపిస్తే భయంతో దారికొస్తారన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. దయచేసి అది చేయొద్దు. అమెరికాలో ఏళ్ల తరబడి చేసి చూశారు. ఆ అధ్యయనాలన్నీ ఒక్కచోట చేర్చి పరిశీలిస్తే, జైలు చూసొచ్చిన పిల్లలే చూడనివాళ్ల కంటే ఎక్కువ నేరాలు చేశారని తేలింది. వాళ్లకు భయం కొత్త కాదు. పుట్టినప్పటి నుంచీ చూస్తున్నది అదే.

మరి ఏది పనిచేసింది? షికాగోలోనే వేసవిలో 8 వారాలు పిల్లలకు జీతమిచ్చి పని ఇచ్చారు, తోడుగా ఒక పెద్దమనిషిని పెట్టారు. 16 నెలల తరవాత చూస్తే హింస కేసుల్లో అరెస్టులు 43 శాతం తక్కువ. ఆ తగ్గుదలలో ఎక్కువ భాగం పని ముగిసిపోయిన తరవాతే కనిపించింది. అంటే బిజీగా ఉండటం వల్ల మాత్రమే కాదు, లోపల ఏదో మారింది.

ఆ నగరం బడుల్లోనే ఇంకొకటి చేస్తారు. ఇద్దరేసి అబ్బాయిల్ని నిలబెట్టి ఒకడి చేతికి బంతి ఇస్తారు. రెండోవాడు 30 సెకన్లలో దాన్ని తీసుకోవాలి. పిల్లలు కిందపడి, కలబడి, చొక్కాలు లాక్కుంటారు. అప్పుడు మాస్టారు అడుగుతాడు, ఇమ్మని ఎవరైనా అడిగారా? ఎవరూ అడగరు. అడిగితే ఇచ్చేవాడివా అంటే, ఇచ్చేవాణ్ణే, బంతే కదా అంటాడు. ఆ తరగతులు నడిచినన్నాళ్లూ హింస కేసుల్లో అరెస్టులు దాదాపు సగం తగ్గాయి. ఆపేశాక ఆ లాభం చాలావరకు నిలవలేదు.

ఆపేశాక అన్న మాట గుర్తుపెట్టుకోండి. అమెరికాలోనే బోస్టన్ నగరంలో 1990లో 152 హత్యలు. పాస్టర్లు రాత్రిళ్లు వీధుల్లో తిరిగారు, పోలీసులు, సామాజిక కార్యకర్తలు ఒక్కటయ్యారు. 1999కి 31కి దిగింది. సాధించేశాం అనుకుని ఎవరి దారిన వాళ్లు వెళ్లారు. 2005 నాటికి ఆ సంఖ్య రెట్టింపు దాటింది. మనం ఈ వారం కొవ్వొత్తులు వెలిగించి, పై వారం ఫొటోలు పంచుకుని ఊరుకునేట్టయితే అసలు మొదలుపెట్టొద్దు. మధ్యలో వదిలేస్తే ఆ పిల్లల నమ్మకం ఇంకోసారి విరుగుతుంది.

నాలుగో పేజీలో ప్రభుత్వాలు ఏం చేయాలో రాసుకున్నాను. అది పక్కన పెడతాను. నా మనసులో ఉన్నది వేరే.

ఈ హాల్లో ఒకాయన ఉన్నారు. ఆయన అనుమతి తీసుకునే చెప్తున్నాను, పేరు చెప్పను. కుర్రతనంలో కత్తి పట్టి ఎనిమిదేళ్లు జైల్లో ఉన్నారు. ఇప్పుడు మన వీధుల్లో ఎక్కడ గొడవ రాజుకున్నా కుర్రాళ్లు ముందు ఫోన్ చేసేది ఆయనకే. పోయిన ఏడాది నాకు తెలిసి మూడు రాత్రులు ఆయన ఎవరో ఒకరి గుమ్మం ముందు తెల్లార్లూ కూర్చున్నారు. ఈ కార్యక్రమానికి ఆయన్ని వేదిక మీదకు పిలవమని నిర్వాహకులను అడిగాను. బాగుండదేమో మేడమ్ అన్నారు. ఎవరికి బాగుండదు? మా అందరి కంటే ఈ పని ఎరిగినవాడు చివరి వరుసలో ఉంటే, ఏమీ ఎరగని మేము పూలదండలు వేయించుకుని పైన కూర్చోవడం బాగుందా? అన్నా, మీరు రండి. నేను నిలబడే ఉన్నాను కదా, నా కుర్చీ ఖాళీయే. రండి.

చప్పట్లు తరవాత. ముందు పని మాట్లాడుకుందాం.

మన క్యాజువాల్టీలో రాత్రిపూట ఇద్దరు వాలంటీర్లు కూర్చోవడానికి ఆస్పత్రివాళ్లు ఒప్పుకున్నారు. రాత్రి తొమ్మిది నుంచి తెల్లవారి ఐదు దాకా. ఇద్దరిలో ఒకరైనా ఆయనలాంటి అనుభవం ఉన్నవాళ్లు కావాలి, ఎందుకంటే కుర్రాళ్లు మా తెల్లకోట్లను నమ్మరు. వచ్చేవాళ్లకు మూడు ఆదివారాలు శిక్షణ ఉంటుంది. ఆయుధం కనిపిస్తే మీరు తలదూర్చొద్దు, సెక్యూరిటీని పిలవండి. నీతులు చెప్పొద్దు. నిన్ను ఎవరు కొట్టారు అని అడగొద్దు, అది పోలీసుల పని. మీరు అడగాల్సింది, ఈ రాత్రి ఎక్కడ పడుకుంటావు అని. వాడి దగ్గర జవాబు లేకపోతే అక్కణ్ణుంచి కదలొద్దు. బంధువులింటికి పంపగలిగితే పంపండి, అమ్మకి ఫోన్ కలపండి, ఏమీ కుదరకపోతే తెల్లారేదాకా బెంచీ మీద పక్కన కూర్చోండి. తలుపు దగ్గర తాళం తిప్పుతూ నిలబడ్డవాణ్ణి కూడా పిలిచి కూర్చోబెట్టండి. వాడికీ చెప్పేవాళ్లు లేరు.

తల్లులూ, మీ అబ్బాయిల్ని పంపడానికి భయమైతే మీరు రండి. చివరికి అమ్మ మాటకు తగ్గిన కోపాలు నేను చాలా చూశాను.

గుమ్మం పక్కన బల్ల మీద రిజిస్టర్ ఉంది. పేరు, ఫోన్ నంబరు, వారంలో ఏ రాత్రి రాగలరో రాయండి. వచ్చే శనివారంతో మొదలు. మొదటి వరుసలో నా పేరు రాశాను. పక్కన రెండో పేరు కోసం ఖాళీ వదిలాను.