ఊ కొట్టేవాళ్లుంటే పిల్లలు చెప్తారు

హోస్ట్: నమస్కారం. ఈ వారం నా ఎదురుగా కూర్చున్నది శ్రీకాకుళం జిల్లా తీరప్రాంతంలో ఒక హైస్కూల్లో తెలుగు చెప్పే మాస్టారు. శనివారం మధ్యాహ్నాలు ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలను కూర్చోబెట్టి, వాళ్ల కథలు వాళ్ల చేతే చెప్పిస్తుంటారు. పిల్లల గురించి మాట్లాడతాం కాబట్టి తన పేరు, బడి పేరు వద్దన్నారు. అందుకే మాస్టారూ అనే పిలుస్తాను. మాస్టారూ, మా అక్క కొడుక్కి పద్నాలుగేళ్లు. "బడి ఎలా ఉందిరా?" అంటే "బానే ఉంది". "ఏం చేశారు?" అంటే "ఏం లేదు". రెండు ముక్కలతో సరి. ఈ వయసు పిల్లలు మీకు కథలు ఎలా చెప్తున్నారు?

మాస్టారు: మొదట్లో నాకూ చెప్పలేదమ్మా. "మీ జీవితంలో మర్చిపోలేని సంఘటన చెప్పండి" అని అడిగేవాణ్ణి. అంత పెద్ద ప్రశ్న వేస్తే పెద్దవాళ్లే తడబడతారు. పిల్లలు ఏం చేసేవాళ్లంటే, గైడులో ఉన్నట్టు "నేను ఒకనాడు తిరుపతి యాత్రకు వెళ్లితిని" అని మొదలుపెట్టేవాళ్లు. అప్పగించడమే. అందులో వాడు లేడు.

హోస్ట్: పరీక్షలో ఆత్మకథ రాయమని అడుగుతారు కదా?

మాస్టారు: అడుగుతారు. సృజనాత్మకత కింద చెట్టు ఆత్మకథ, నది ఆత్మకథ అని వస్తాయి. మంచి ప్రశ్నలే, నేనూ రాయించాను. "నేను మర్రిచెట్టును, నన్ను నరకకండి" అని పిల్లలు చక్కగా రాస్తారు. చెట్టు బాధ అంత బాగా రాసిన పిల్ల, తన సంగతి రాయమంటే తెల్లకాగితం ఇచ్చింది. "మాదేటుంది సార్" అంది. ఆ మాటకి ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తన బతుకులో చెప్పుకోదగ్గది ఏమీ లేదని పదమూడేళ్ల పిల్ల నమ్మేసింది చూడండి, దానికోసమే ఈ శనివారాలు.

హోస్ట్: మరి ఎక్కణ్ణుంచి మొదలుపెట్టారు?

మాస్టారు: వినడం నుంచి. ఇది చాలామంది అటుదిటు చేస్తారు. మైకు ఇచ్చి స్టేజీ ఎక్కించేస్తే ధైర్యం వస్తుందనుకుంటారు. మా నాయనమ్మ కథ చెప్పేటప్పుడు మేం ఊ కొట్టకపోతే ఆపేసేది. "పడుకున్నారా?" అని అడిగేది. బుర్రకథలో చూడండి, పక్కన వంతలు "తందాన తాన" అనకుండా కథకుడు ఒక్కడే ఎంతసేపు లాక్కొస్తాడు? మన దగ్గర కథంటే ఇద్దరు కలిసి చేసే పని. అందుకని మొదటి మూడు వారాలు నేను ఊ కొట్టడమే నేర్పుతాను.

హోస్ట్: నేర్పేదేముంది అందులో?

మాస్టారు: చాలా ఉందమ్మా. ఇద్దరిద్దరిని కూర్చోబెడతాను. ఒకరు రెండు నిమిషాలు చెప్పాలి, రెండోవాళ్లు "ఊ" అనాలి, లేదంటే "తర్వాత?" అనాలి. అంతే, ఇంకో మాట ఉండదు. సలహా ఉండదు, "మా ఇంట్లో కూడా ఇంతే" ఉండదు, నవ్వడం అసలే ఉండదు. మొదటి రోజు ఒక్క నిమిషం కూడా ఆగలేరు, మధ్యలో దూరిపోతారు. రెండో వారానికి గదిలో మోత మారుతుంది. చెప్పే విషయం కూడా చిన్నదే. పొద్దున ఇంటి గుమ్మం దాటినప్పటి నుంచి బడి గేటు దాకా ఏం చూశావు? అది చాలు. ఒక అమ్మాయి, రోజూ దారిలో ఒక ఇంటి ముందు మడత మంచం మీద కూర్చునే ముసలాయన గురించి చెప్పింది. మూడు రోజులుగా మంచం ఉంది, ఆయన లేడు. అడగాలంటే భయంగా ఉందంది. క్లాసంతా ఊపిరి బిగబట్టింది. దానికి కూడా తెలీదు తను కథ చెప్పిందని.

హోస్ట్: అమెరికాలో ఇలాంటిదే ఒకటి చదివాను. స్టోరీకోర్ అని, 2003లో న్యూయార్క్ గ్రాండ్ సెంట్రల్ స్టేషన్లో చిన్న గదిలాంటిది పెట్టారు. ఇద్దరు లోపలికెళ్లి నలభై నిమిషాలు మాట్లాడుకుంటారు, రికార్డవుతుంది. 2015 నుంచి హైస్కూలు పిల్లల చేత ఇంట్లో పెద్దవాళ్లని ఇంటర్వ్యూ చేయిస్తున్నారు కూడా.

మాస్టారు: విన్నాను. అక్కడా కిటుకు అదే కదా, ఎదురుగా కావలసిన మనిషి ఒకరు ఉంటారు. కాకపోతే నేను రికార్డు చెయ్యను. ఫోన్లు బీరువాలో పెట్టేస్తాను, నా ఫోన్‌తో సహా. ఒకసారి ఎవరో వీడియో తీసి స్టేటస్ పెట్టారంటే ఆ పిల్ల మళ్లీ నోరు తెరవదు.

హోస్ట్: పిల్లలు ఇంట్లో సంగతులు చెప్పేస్తే ఏం చేస్తారు? కొన్ని బరువైనవి ఉంటాయి కదా.

మాస్టారు: మొదటి రోజే చెప్తాను, చెప్పకుండా ఉండే హక్కు మీకుంది అని. ఎవరి వంతు వచ్చినా "ఈ వారం నాకొద్దు సార్" అనొచ్చు, కారణం అడగను. ఏడిపించే కథకి ఎక్కువ చప్పట్లు కొట్టనివ్వను. లేకపోతే పిల్లలు చప్పట్ల కోసం గాయాలు వెతుక్కుంటారు, అది ఘోరం. ఇంకోటి కూడా ముందే చెప్తాను. మిమ్మల్ని ఎవరైనా హింసిస్తున్నట్టు తెలిస్తే నేను దాచలేను, సాయం చేసేవాళ్లకి చెప్పి తీరతాను అని. లైంగిక వేధింపులైతే 2012 పోక్సో చట్టం ప్రకారం తెలిసినవాళ్లు ఫిర్యాదు చెయ్యాల్సిందే. పిల్లలు సాయం కోసం ఫోన్ చేసే 1098 నంబరు బోర్డు మీద ఒక మూల ఎప్పుడూ ఉంటుంది. ఇంత తెలియకుండా పిల్లల్ని కథలు చెప్పమని ఎవరూ కూర్చోబెట్టకూడదని నా గట్టి అభిప్రాయం.

హోస్ట్: ఇన్నేళ్లలో మీరు చేసిన పొరపాటు ఏదైనా ఉందా?

మాస్టారు: ఉంది. అది చెప్పాలనే వచ్చాను. మా వైపు మత్స్యకారులు చాలామంది గుజరాత్‌లో వేరావల్ వెళ్తారు, బోట్లమీద పనికి. ఆగస్టు ప్రాంతంలో బయల్దేరితే మళ్లీ వేసవికే రావడం. అలాంటి ఇంటి అబ్బాయి ఒకడు ఎనిమిదో తరగతిలో మొదటిసారి లేచి నిలబడ్డాడు. ఆమదాలవలస స్టేషన్‌కి తండ్రిని సాగనంపడానికి వెళ్లిన రోజు చెప్తున్నాడు. "మా నాన్న నన్ను ప్లాట్‌ఫారం మీద ఒగ్గేసి రైలెక్కీసినాడు" అన్నాడు. నేను వెంటనే, "ఒగ్గేసి కాదురా, వదిలేసి" అన్నాను.

హోస్ట్: అయ్యో.

మాస్టారు: తెలుగు మాస్టార్ని కదమ్మా, అలవాటు. వాడు "వదిలేసి" అన్నాడు. ఒక క్షణం ఆగాడు. "అంతే సార్" అని కూర్చున్నాడు. ఆ ఏడాదంతా వంతు వచ్చినప్పుడల్లా "నాకొద్దు" అన్నాడు. ఒగ్గేసి అనే మాటలో వాడి ఇల్లుంది, వాళ్లమ్మ ఉంది, ఆ స్టేషను ఉంది. నేను దాన్ని తీసి నా మాట పెట్టాను. ఇక వాడు ఎవరి కథ చెప్తాడు?

హోస్ట్: గిడుగు రామమూర్తి గారిది మీ జిల్లానే కదా.

మాస్టారు: మా జిల్లా పర్వతాలపేటే. 1863 ఆగస్టు 29న పుట్టారు, ఆ రోజే మనకి తెలుగు భాషా దినోత్సవం. పిల్లల చదువు జనం మాట్లాడే భాషలో ఉండాలని జీవితమంతా పోరాడిన మనిషి. సవర గిరిజనుల భాష వాళ్ల దగ్గర కూర్చుని నేర్చుకున్నారు. నేనేమో ఏటా ఆగస్టు 29న ఆయన ఫోటోకి దండ వేసి, పిల్లలకి నేను రాసిచ్చిన ఉపన్యాసం బట్టీ పట్టించేవాణ్ణి. ఆ అబ్బాయి కూర్చున్నాక అది మానేశాను. ఇప్పుడు మాట్లాడేటప్పుడు ఎవరినీ దిద్దను. రాతలో అక్షర దోషాలు దిద్దుతాను, అదీ కథంతా చదివి, దాని గురించి మాట్లాడాక. యాస జోలికి పోను. చివర నీతి కూడా రాయనివ్వను. "అందుకే తల్లిదండ్రుల మాట వినాలి" అని ప్రతి కథకీ తగిలిస్తారు, అది మార్కుల కోసం అలవాటైన తోక.

హోస్ట్: ఇంట్లో అమ్మానాన్నలు ఏం చెయ్యొచ్చంటారు?

మాస్టారు: ఎదురుగా కూర్చోబెట్టి అడగొద్దు. బండి మీద వెనక కూర్చున్నప్పుడు, చిక్కుళ్లు వలుస్తున్నప్పుడు, మొహాలు చూసుకోనక్కర్లేని చోట మాటలు వాటంతటవే వస్తాయి. ముందు మీది చెప్పండి. మీరు తొమ్మిదో తరగతిలో ఫస్టొచ్చిన సంగతి కాదు, టెన్షన్ పడింది, సిగ్గుపడింది చెప్పండి. వాళ్లు మొదలుపెట్టాక ఆ మాటలు దాచిపెట్టి, రేపు తిట్టేటప్పుడు తీసి వాడొద్దు.

హోస్ట్: ఆ అబ్బాయి మళ్లీ చెప్పాడా?

మాస్టారు: చెప్పాడు. మీకు చెప్పొచ్చా అని అడిగాను కూడా. పేరు వద్దు సార్, మిగతాది చెప్పండి అన్నాడు. తొమ్మిదో తరగతిలో ఇంట్లోంచి ఒక వస్తువు తెచ్చి దాని గురించి చెప్పమన్నాను. వీడు వల అల్లే సూది తెచ్చాడు, ప్లాస్టిక్‌ది, అంచులు అరిగిపోయి ఉంది. రైలెక్కే ముందు నాన్న అది చేతిలో పెట్టి, "వసారాలో వల సగంలో ఉంది, నానొచ్చేసరికి నువ్వు పూర్తి చెయ్యి" అన్నాడట.

హోస్ట్: ఊ.

మాస్టారు: వాడికి సరిగ్గా రాదు. బడి నుంచి వచ్చాక రోజూ కాసేపు కట్టేవాడు. వల కన్నులన్నీ ఒక్కలా ఉండాలి కదా, వీడివి ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. తండ్రి వేసవిలో వచ్చాడు. వల కిందికి దించి, ఎండలో పరిచి, వీడు కట్టిన చోటంతా వేళ్లతో తడుముకుంటూ వెళ్లాడు. పిల్లాడు గుమ్మం దగ్గర నిలబడి చూస్తున్నాడు.

హోస్ట్: తర్వాత?

మాస్టారు: మర్నాడు తెల్లారకముందే ఆ వలే పడవలో వేసుకుని వేటకి వెళ్లాడట. "నాను కట్టిన ముళ్లు మా నాన్న ఒక్కటీ ఇప్పనేదు సార్" అన్నాడు. నేదు అన్నాడు. నేను ఊ కొట్టాను.