చలికాలం డాబా మీద: నీడ కర్ర నుంచి గాలిపటం దాకా పిల్లలతో ఒక నెల

(తెర మీద: ఉదయం. డాబా గచ్చు ఇంకా తడిగా ఉంది. ఇసుక బకెట్లో నిలబెట్టిన కర్ర. పక్కన సుద్దముక్కతో పాప.)

నమస్కారం. చలి మొదలవగానే మన ఇళ్లలో పిల్లలకు వినిపించేవి రెండే మాటలు: "స్వెటర్ వేసుకో", "బయట తిరక్కు". నిజానికి పిల్లల్ని బయట వదలడానికి ఏడాది మొత్తంలో ఇంతకన్నా మంచి రోజులు మనకు దొరకవు. ఏప్రిల్ వచ్చిందంటే పొద్దున పదింటికే గడప దాటలేం. జులై, ఆగస్టుల్లో వాన, బురద, దోమలు. డిసెంబరు మధ్య నుంచి సంక్రాంతి దాకా, అంటే ధనుర్మాసం నడిచే నెల రోజులు మాత్రం మిట్టమధ్యాహ్నం కూడా ఎండలో హాయిగా నిలబడొచ్చు. సంక్రాంతికి చంకలెత్తలేనంత చలి అని సామెత ఉంది, కాదనను. కానీ అది తెల్లవారుజాము సంగతి. లంబసింగిలోనో ఆదిలాబాదులోనో ఉంటే తప్ప తొమ్మిది దాటాక ఆ మాట ఎవరూ అనరు.

ఇవాళ చెప్పబోయేవాటికి పెద్దగా కొనాల్సిందేమీ లేదు. డాబా ఉంటే డాబా, లేకపోతే వాకిలి. అపార్టుమెంట్ అయితే టెర్రస్ తాళం చెవి సంపాదించాలి. అన్నిట్లోకీ కష్టమైన పని బహుశా అదే!

ముందుగా నీడ కర్ర. ఇది డిసెంబరు 21న మొదలుపెట్టాలి, అందుకే ముందు చెబుతున్నా.

(తెర మీద: కర్ర పక్కన దారానికి బోల్టు కట్టి వేలాడదీస్తున్న చేతులు.)

భూమి పైన సరిగ్గా మీటరు ఉండేలా ఒక కర్రను ఇసుక బకెట్లో నిలబెట్టండి. నిటారుగా ఉందో లేదో చూడటానికి దారానికి ఒక బోల్టు కట్టి పక్కన వేలాడదీస్తే చాలు, తాపీమేస్త్రీలు చేసేది అదే. పదకొండున్నర నుంచి పన్నెండుముప్పావు దాకా ఐదేసి నిమిషాలకు ఒకసారి నీడ కొసన సుద్దముక్కతో చుక్క పెట్టమనండి, పక్కన టైమ్ రాయమనండి. అన్నిట్లోకీ పొట్టి నీడ ఎప్పుడు పడిందో అదే మీ ఊరి అసలు మధ్యాహ్నం.

పిల్లలు ఆగిపోయేది ఇక్కడే. అది పన్నెండింటికి రాదు. ఆ రోజు హైదరాబాదులో దాదాపు 12:15 అవుతుంది. విజయవాడలో 12:05 ప్రాంతం. విశాఖలో అయితే పన్నెండు కొట్టకముందే అయిపోతుంది. దేశమంతా వాడే గడియారం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని పట్టుకుని నడుస్తుంది. ఆ గీత కాకినాడ దగ్గరగా పోతుంది. అక్కడి నుంచి ఒక్కో డిగ్రీ పడమరకు జరిగేకొద్దీ సూర్యుడు నాలుగేసి నిమిషాలు ఆలస్యంగా నడినెత్తి దారికి వస్తాడు. విశాఖలో మేనత్త ఉంటే ఇంకా మంచిది. ఇద్దరు పిల్లలూ రెండు ఊళ్లలో ఒకే రోజు కొలిచి ఫోన్లో పోల్చుకోవచ్చు.

ఇప్పుడు పొడవు చూద్దాం. హైదరాబాదులో డిసెంబరు 21న మీటరు కర్రకు మధ్యాహ్నం నీడ దాదాపు 86 సెంటీమీటర్లు. సంక్రాంతి నాడు అదే కర్ర, అదే చోటు, 80. ఆరు సెంటీమీటర్లు తగ్గింది. ఉత్తరాయణం అంటే ఏమిటో పిల్లలకు మాటలతో చెప్పాలంటే తలప్రాణం తోకకొస్తుంది. ఈ ఆరు సెంటీమీటర్లు చూపిస్తే చాలు, సూర్యుడు ఉత్తరానికి జరిగాడని వాళ్లే అంటారు.

కాస్త పెద్ద పిల్లలైతే ఒక చిక్కు ప్రశ్న వేస్తారు. నీడ డిసెంబరు 22 నుంచే తగ్గుతుంటే, ఉత్తరాయణం జనవరి 14న లేదా 15న అంటామేం? మంచి ప్రశ్న, కసురుకోకండి. మనం సంక్రాంతిని లెక్కకట్టేది సూర్యుడు మకరరాశిలోకి రావడాన్ని బట్టి, అంటే వెనకాల ఉన్న నక్షత్రాలను బట్టి. భూమి అక్షం చాలా మెల్లగా దిశ మారుతోంది. దానివల్ల సుమారు 72 ఏళ్లకు ఒక రోజు చొప్పున ఈ రెండింటి మధ్య ఎడం పెరుగుతూ వచ్చింది. దాదాపు 1700 ఏళ్ల కిందట రెండూ ఒకే రోజున పడేవి.

అన్నట్టు, ఈ నీడతో ఇంకో ఉపయోగం ఉంది. పిల్లలకు విటమిన్ డి కోసం పొద్దున్నే లేత ఎండలో కూర్చోబెడతాం. లేత ఎండ ఒంటికి హాయే, కానీ విటమిన్ డి తయారవడానికి కావాల్సిన కిరణాలు అందులో పెద్దగా ఉండవు. బండగుర్తు ఏంటంటే, మన నీడ మన ఎత్తుకన్నా పొట్టిగా ఉన్నప్పుడే ఆ పని జరుగుతుంది. డిసెంబరులో మన దగ్గర అది సుమారు పదకొండు నుంచి ఒకటిన్నర దాకా. కాబట్టి ఆదివారం నీడ కొలిచే పనిలో ఆ ఎండ కూడా ఎలాగూ తగులుతుంది. ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పండి: చూడాల్సింది నీడను, సూర్యుణ్ని కాదు.

(తెర మీద: డాబా మీద స్టీలు ప్లేటు, చెట్టు కింద ఇంకో స్టీలు ప్లేటు.)

రెండోది చాలా చిన్నది. రాత్రి పడుకునే ముందు ఒక స్టీలు ప్లేటు డాబా మీద ఆకాశం కిందా, అలాంటిదే ఇంకొకటి చెట్టు కిందో రేకుల షెడ్డు కిందో పెట్టండి. పొద్దున్నే వేలితో గీసి చూడమనండి. మబ్బు లేని రాత్రి అయితే పైన పెట్టిన ప్లేటు మీద మంచు నీళ్లు నిలుస్తాయి. కింద పెట్టింది పొడిగానో, కొద్దిపాటి చెమ్మతోనో ఉంటుంది. మంచు "కురవడం" అంటాం కానీ అది వానలా పైనుంచి పడేది కాదు. ఆకాశం కింద ఉన్న ప్లేటు తన వేడిని పైకి వదిలేసి చుట్టూ ఉన్న గాలికన్నా చల్లబడిపోతుంది, ఆ గాలిలోని తేమ దాని మీద నీరవుతుంది. చెట్టు కింది ప్లేటుకు ఆ వేడి అంతగా పోదు.

ఇక ముగ్గు. ఇది ఆడపిల్లల పని అని మగపిల్లల్ని పక్కన కూర్చోబెట్టే ఇళ్లు ఇంకా ఉన్నాయి. దయచేసి ఆ పని చేయకండి. ఇంత మంచి లెక్కల ఆటను సగం మంది పిల్లలకు దూరం చేయడం నాకు అసలు నచ్చదు.

(తెర మీద: కళ్ళాపి చల్లిన వాకిలి. చుక్కలు పెడుతున్న చిన్న వేళ్లు.)

ఏడు చుక్కలతో మొదలుపెట్టండి. ఎదురుచుక్క పద్ధతిలో మధ్య వరుసలో ఏడు, దానికి పైనా కిందా ఐదు, మూడు, ఒకటి. మొత్తం ఎన్ని చుక్కలు? 25. అదే ఏడింటిని సందుచుక్క పద్ధతిలో, అంటే రెండు చుక్కల సందులో ఒక చుక్క వచ్చేట్టు నాలుగు దాకా పెడితే 4, 5, 6, 7, 6, 5, 4. ఇవి 37. ఇప్పుడు తొమ్మిది చుక్కలు, సందుచుక్క, ఐదు దాకా. పెట్టకముందే ఎన్ని వస్తాయో చెప్పమనండి. జవాబు 61, కానీ మీరు ముందే చెప్పేయకండి.

చుక్కలు కలిపే ముగ్గు సులువు. మెలికల ముగ్గులో గీత చుక్కను తాకకుండా చుట్టూ తిరుగుతూ పోవాలి. ఎక్కడ మొదలుపెట్టామో అక్కడికే తిరిగి రావాలి, ఒక్క చుక్క కూడా బయట మిగలకూడదు. దీన్ని ముందు నోటుబుక్కులో పెన్సిల్‌తో వేయించండి, తర్వాతే వాకిట్లో. పిండి జారవిడవడం చేతకాని చిన్నపిల్లలకు తడి గచ్చు మీద సుద్దముక్క ఇవ్వండి, బాగా పడుతుంది.

ఇప్పుడు బజార్లో దొరికే ముగ్గు చాలావరకు రాతిపొడి. అది కళ్లలో, ముక్కులో పడకుండా చూసుకోండి. ఇంట్లో బియ్యప్పిండి ఉంటే గోడవారన ఒక గీత దానితో, పక్కనే ఇంకో గీత రాతిపొడితో గీయించి, మధ్యాహ్నం ఏ గీత చెదిరిందో చూడమనండి. చీమల దండు ఏ గీత వైపు నడిచిందో వేరే చెప్పాలా?

భోగి పిడకల సంగతికి వద్దాం. గోదావరి జిల్లాల్లో ఇది అచ్చంగా పిల్లల పండగ. ఆవుపేడతో చిన్న చిన్న బిళ్లలు చేసి మధ్యలో బెజ్జం పెట్టి గోడకో గచ్చు మీదో ఎండబెట్టి దండ గుచ్చుతారు. భోగి తెల్లవారుజామున ఆ దండ మంటలో వేస్తారు. అవి బాగా ఎండటానికి చాలా రోజులు పడుతుంది కాబట్టి డిసెంబరులోనే మొదలుపెట్టాలి. భోగి ముందురోజు ఆన్‌లైన్లో ప్యాకెట్ తెప్పించుకుంటే దండ వస్తుంది కానీ ఆట రాదు. పేడ దొరకని చోట బంకమట్టితో బిళ్లలు చేసి ఆడుకోనివ్వండి, మంటలో మాత్రం వేయకండి. పేడ ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడగడం మామూలే.

మంట దగ్గర పిల్లలకు నూలు బట్టలే వేయండి. పొగ వచ్చే వైపు కాకుండా రెండో వైపు నిలబెట్టండి, ఒక బకెట్ నీళ్లు పక్కన ఉంచండి. పాత టైర్లు, ప్లాస్టిక్ మంటలో వేసేవాళ్లను మొహమాటపడకుండా ఆపండి. చలికాలం తెల్లవారుజామున నేలకు ఆనుకున్న గాలి పైగాలికన్నా చల్లగా, బరువుగా ఉంటుంది. అందుకే పొగ పైకి పోకుండా వీధిలోనే తిరుగుతుంది. ఆస్తమా ఉన్న పిల్లలు ఇంట్లోంచి చూడటమే మేలు, వాళ్లకు సాయంత్రం భోగిపళ్లు ఎలాగూ ఉన్నాయి.

(తెర మీద: రాత్రి డాబా. చాప, దుప్పట్లు. గిన్నెలో తేగలు.)

రాత్రి ఎనిమిది దాటాక దుప్పట్లు కప్పుకుని మళ్లీ డాబా ఎక్కండి. కాల్చిన తేగలు దొరికితే తీసుకెళ్లండి. తేగను నిలువునా చీల్చితే లోపల కనిపించే లేత మొలకను చందమామ అంటారు, అది ఎవరికో తేల్చుకోవడమే పెద్ద పోటీ.

డిసెంబరు చివర్లో ఆ వేళకు తూర్పున మూడు చుక్కలు ఒకే వరుసలో, దాదాపు నిలువుగా కనిపిస్తాయి. పట్నం వెలుగుల్లో కూడా కనబడతాయి. అవి వేటగాడి ఆకారంలో ఉండే ఓరియన్ అనే నక్షత్రాల గుంపుకు నడుము. ఆ వరుసను కిందికి పొడిగిస్తే రాత్రి ఆకాశంలోని నక్షత్రాలన్నిట్లోకీ ప్రకాశమైన సిరియస్. పైకి పొడిగిస్తే ఎర్రగా రోహిణి, ఇంకా పైకి పోతే చిన్న గుంపుగా కృత్తికలు. పల్లెల్లో పిల్లలకోడి అంటారు. అందులో ఎన్ని చుక్కలు కనిపిస్తున్నాయో ఇంటిల్లిపాదీ ఎవరికి వారు లెక్కపెట్టండి. తాతయ్యకూ మనవడికీ లెక్క కలవదు. మూడు చుక్కలకు ఎడమ వైపు ఎర్రగా ఉన్నది ఆర్ద్ర, కుడి వైపు నీలి తెలుపుగా ఉన్నది రైజెల్. ఎర్రది ఎక్కువ వేడి అనుకుంటారు పిల్లలు, నిజం దానికి తిరగబడి ఉంటుంది. ఏటా డిసెంబరు 13, 14 తేదీల రాత్రి జెమినిడ్ ఉల్కలు రాలతాయి. చందమామ వెలుగు లేని ఏడాది అయితే ఆ రాత్రి పిల్లల్ని పదింటి దాకా మేలుకోనివ్వండి.

(తెర మీద: పిట్టగోడ. నెమ్మదిగా పైకి లేస్తున్న గాలిపటం.)

చివరగా గాలిపటం. కొన్న గాలిపటం ఎగరకపోతే పిల్లలు గాలి లేదంటారు. చాలాసార్లు తప్పు సూత్రంలో ఉంటుంది. పై ముడి నుంచీ కింది ముడి నుంచీ వచ్చే రెండు దారాలు కలిసే చోటు సరిగ్గా ఉంటేనే పటం గాలికి కాస్త ఏటవాలుగా నిలబడుతుంది. పటం గిరగిరా తిరిగితే తోక కట్టండి, ఒక పక్కకే ఒరిగితే రెండో చెవికి చిన్న కాగితం ముక్క అంటించండి. ఇవన్నీ పిల్లల చేతే చేయించండి, చెడిపోతే చెడిపోనివ్వండి. పటం ఖరీదెంత!

దారం మాత్రం మామూలు నూలుదే. నైలాన్ చైనా మాంజాను 2017లోనే జాతీయ హరిత ట్రిబ్యునల్ దేశమంతా నిషేధించింది. అయినా దొంగచాటుగా అమ్ముతున్నారు. అది తెగదు, కుళ్లదు. బైక్ మీద పోయేవాళ్ల మెడకు, పిట్టల రెక్కలకు కోసుకుపోతుంది. పక్కింటి వాళ్లతో కోత పందెంలో ఓడిపోతామని టెన్షన్ పడి కొనిపెట్టకండి, ఓడిపోతే అవతలివాళ్లు "అఫా" అని అరుస్తారు, అంతే కదా. పక్షులు గూళ్లు వదిలే పొద్దున, తిరిగొచ్చే సాయంత్రం వదిలేసి మధ్యాహ్నం ఎగరేయండి. పిట్టగోడ లేని డాబా వద్దు. కరెంటు తీగల మీద పడిన పటం జోలికి అసలు పోవద్దు.

కనుమ మర్నాడు ఇంకో పని మిగిలి ఉంటుంది. డాబా మీదా, వీధిలోనూ, చేతికందే కొమ్మల మీదా చిక్కుకున్న దారం అంతా పిల్లలతో కలిసి ఏరండి. ముక్కలు ముక్కలుగా కత్తిరించి కవర్లో వేసి ముడి కట్టాకే చెత్తబండికి ఇవ్వండి. పొడుగ్గా వదిలేస్తే డంపింగ్ యార్డులో వాలే కొంగలు, కాకుల కాళ్లకు అది చుట్టుకుంటుంది.